పుచ్చు పుట్టిన మూట

నిత్యానందం గోతానికి చెవి ఆనిస్తే లోపల ఎన్ని పురుగులున్నాయో చెప్పేస్తాడని పెదపాడు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట ఉంది. వాటిలో మగవెన్నో ఆడవెన్నో కూడా చెబుతాడని హమాలీ అబ్బులు అంటాడు గానీ, అబ్బులు మాటలో సగం తాలు చెరిగేసి వినాలి. నిజానికి నిత్యానందం చేసేది ఇంతే. బస్తా కుట్టు జానెడు విప్పుతాడు. చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దింపి కళ్ళు మూసుకుంటాడు. గింజ చల్లగా తగిలితే వెంటనే తీసేస్తాడు. వెచ్చగా తగిలితే తియ్యడు.

ఆ మంగళవారం పొద్దున ఎంతసేపటికీ తియ్యలేదు.

"ఏవండీ, జ్వరమేనా?" అన్నాడు అబ్బులు, బస్తా నాడి చూసే డాక్టరుని అడిగినట్టు.

నిత్యానందం గుప్పెడు మినుములు బయటికి తీసి, గుమ్మం వెలుతురులో అరచేతిలో పరిచాడు. నల్లటి గింజల మీద తెల్లటి చుక్కలు. సున్నం చిలికినట్టున్నాయి గానీ గోటితో గీకితే రావు. అవి గుడ్లు. కొన్ని గింజలకి గుండ్రటి కన్నాలు, కొలత పెట్టి తొలిచినట్టు. ఒక కన్నంలోంచి గోధుమరంగు పురుగొకటి బయటికొచ్చి, ఇల్లు ఖాళీ చేసి పోతున్నవాడిలా ఒకసారి వెనక్కి చూసుకుని, అతని బొటనవేలెక్కింది.

నిత్యానందం కాపలా చూసే సంఘం గోడౌన్‌లో నూట నలభై బస్తాలున్నాయి. పంతొమ్మిదిమంది రైతులవి. వరి కోసిన చేలల్లో చల్లి, మార్చిలో పీకి, కొట్టి, ఎండబెట్టి తెచ్చిన మినుములు. అన్నీ కలిపి ఒకే బేరంగా అమ్మాలని ఊరి రైతుసంఘం కట్టుబాటు. శుక్రవారం తాడేపల్లిగూడెం నుంచి పప్పుల వ్యాపారి తాతారావు లారీ వేసుకుని వస్తాడు. బస్తాలోకి ఇనుప గొట్టం పొడిచి గింజ తీస్తాడు. నూరు గింజల్లో మూడింటికి మించి కన్నాలుంటే మారుమాట లేకుండా లారీ వెనక్కి తిప్పుతాడు.

"పురుగుల్ని చంపే బిళ్ళలు పెట్టేద్దామండీ" అన్నాడు అబ్బులు.

"బిళ్ళలు పెట్టి బరకం కప్పితే వారం రోజులు తలుపు తియ్యకూడదు. శుక్రవారం వచ్చిన లారీ గుమ్మం బయట నిలబడి ప్రార్థన చేసుకుంటుందా?"

అబ్బులుది కొల్లేటి లంక. మొన్న ఎండాకాలం ప్రభుత్వంవాళ్ళు అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టేశాక, కాపలా పని పోయి ఈ ఊరొచ్చాడు. పని పోయింది గానీ కబుర్లు వెంట తెచ్చుకున్నాడు. "మా లంకలో ఒక ఏడు కందులకి పుచ్చు పట్టిందండీ. లోపల పురుగులన్నీ ఒక్కసారే రెక్కలు కొట్టేసరికి బస్తా మూరెడు పైకి లేచింది. మా బాబాయి గోతాం చెవి పట్టుకుని కిందికి లాగాడండీ, లేకపోతే ఏలూరులో దిగేది."

నిత్యానందం నవ్వలేదు. సాయంత్రం దాకా ఒక్కో బస్తా కుట్టూ విప్పాడు, చెయ్యి దింపాడు, మళ్ళీ పురికొసతో కుట్టాడు. గుమ్మం దగ్గరివి చల్లగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ వెచ్చదనం పెరిగింది. వెనక గోడ మూల పేర్చిన తొమ్మిది బస్తాల నెట్టు దగ్గర గోనె మీద పిండి రాలి ఉంది. అన్నిటికన్నా అడుగు బస్తాలో గింజలు ముద్దలు కట్టి, మీద ఆకుపచ్చటి బూజు పట్టింది. పురుగుల ఊపిరికి గింజ చెమరుస్తుంది. ఆ చెమ్మ చాలు బూజుకి.

ఆ తొమ్మిది బస్తాలూ దుర్గాభవానివి.

సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఆరేళ్ళ కిందట ఇద్దరు రైతులు పుచ్చు నీదంటే నీదని ఒకరి చొక్కా ఒకరు చింపుకున్న తరవాత పెట్టుకున్నది. పుచ్చు ఎవరి మూటలో పుడితే వాళ్ళ బస్తాలన్నీ బేరంలోంచి తీసి అరుగు మీద పెట్టేస్తారు. గోడౌన్ తప్పువల్ల పుడితే మాత్రం చెడిన సరుకు నష్టం పంతొమ్మిదిమందీ సమంగా మోస్తారు. ఎక్కడ పుట్టిందో తేల్చేది నిత్యానందం. అతని మాటకి తిరుగులేదు.

*

బుధవారం పొద్దున సంఘం ప్రెసిడెంటు కోదండరామయ్య గోడౌన్ వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. నూట నలభైలో నలభై బస్తాలు ఆయనవే. రైతులు చుట్టూ నిలబడ్డారు. దుర్గాభవాని ఆకుమడి నుంచి మోకాళ్ళ దాకా బురదతోనే వచ్చింది. మొగుడు పోయాక రెండెకరాలు కౌలుకి తనే చేసుకుంటోంది. ఈ మినుములమ్మి ఆదివారం లోపల కౌలు ఇస్తేనే ఆ చేను సార్వా వరికి ఆవిడ చేతిలో ఉంటుంది. లేకపోతే ఆవిడ పోసిన నారు ఇంకొకడి చేలో నాటుకోవలసిందే. ఈ సంగతి వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆవిడ వైపు చూడటం లేదు.

"తేల్చెయ్యవయ్యా నిత్యానందం" అన్నాడు కోదండరామయ్య. "పుట్టినచోటు తీసేస్తే తక్కినవి రెండెండలు పోసి, జల్లించి, శుక్రవారానికి దారిలోకి తెచ్చుకుంటాం."

నిత్యానందం స్టీలుగ్లాసులో నీళ్ళు పోసి కోదండరామయ్య బస్తాలోంచి గుప్పెడు వేశాడు. గింజలు అడుక్కి దిగాయి. పుచ్చినవి రెండో మూడో పైకి తేలాయి. రెండో గ్లాసులో దుర్గాభవాని గింజలు వేశాడు. సగానికి సగం తేలాయి.

"చూశారా!" అన్నారు ఎవరో.

"నేను కూడా చూశానండీ, గుడ్డిదాన్ని కాదు" అంది దుర్గాభవాని. "నిత్యానందంగారూ, ఏప్రిల్లో నేను మూటలు దించినప్పుడు గింజ పంటికింద వేసుకున్నది ఎవరండీ? 'టప్పుమందమ్మా, దుర్గమ్మా, నీ అంత బాగా ఎండబెట్టినవాళ్ళు ఊళ్ళో లేరు' అన్నది ఎవరండీ? ఆ పన్ను ఇప్పుడేమైంది, రాలిపోయిందా?"

నలుగురూ నవ్వారు. నిత్యానందం కూడా నవ్వేవాడే. కానీ ఆ నవ్వులో తన మాట పలచబడుతున్నట్టు అనిపించింది.

"అప్పుడు గింజ ఎండే ఉందమ్మా. గుడ్డు కంటికి ఆనకుండా చేలోంచే కాయ మీద వస్తుంది."

"చేలోంచి అందరికీ వస్తుంది గదండీ. నాకొక్కదానికే వచ్చిందా?"

అది మంచి ప్రశ్న. జవాబు వెతకడానికి ఒక పూట పట్టే ప్రశ్న. కోదండరామయ్య గడియారం చూసుకున్నాడు. జల్లించాల్సిన బస్తాలు నూట ముప్పై ఒకటి. పైన మబ్బు కమ్ముకొస్తోంది. అందరి కళ్ళూ నిత్యానందం నోటి మీదే ఉన్నాయి.

"ఇక్కడే పుట్టిందండీ" అన్నాడు, ఆ మూల నెట్టు వైపు చెయ్యి చూపించి.

దుర్గాభవాని కాళ్ళ మీద బురద ఆరి పగుళ్ళిచ్చింది. వంగి, చీర కుచ్చెళ్ళు దింపుకుని వెళ్ళిపోయింది.

*

గురువారం పొద్దున రైతులు వాకిట్లో జల్లెడ పడుతుంటే, నిత్యానందం, అబ్బులు కలిసి ఆ తొమ్మిది బస్తాలూ అరుగు మీదికి చేరవేశారు. ఎనిమిదోది మోసి అబ్బులు టీ తాగడానికి పోయాడు. అడుగున ఉన్న బూజు బస్తాని నిత్యానందం ఒక్కడే చెక్కదిమ్మల మీంచి పక్కకి దొర్లించాడు.

దిమ్మలకీ గోడకీ మధ్య సందులో ఒక పాత యూరియా సంచి ఉంది.

పిల్లని పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా పెట్టారెవరో. మూతికి గుడ్డపేలిక కట్టి ఉంది. నీలం పువ్వుల గుడ్డ. ఆ పువ్వుల చీర మూడేళ్ళపాటు నిత్యానందం దండెం మీద ఆరింది.

పేలిక విప్పాడు. సంచిలోంచి పురుగులు పొగలా లేచి మొహాన కొట్టాయి. చెయ్యి దింపాడు. గింజ తగల్లేదు. గింజ ఆకారంలో ఉన్న పొట్టు తగిలి, వేళ్ళమధ్య నలిగి పిండైపోయింది. సంచికి అడుగున రెండుచోట్ల చిరుగు. ఆ చిరుగుల్లోంచి పురుగులు గోడమీదుగా ఒక వరస, దిమ్మమీదుగా ఒక వరస. రెండు వరసలూ పోయేది దుర్గాభవాని బస్తాలున్న చోటికే. నెలకొక కాన్పు వేసుకున్నా మూడు తరాలు అక్కడినుంచే కాపురానికి పోయాయి.

సంచిమీద ఖాళీగోతాలు నాలుగు పడేసి, తలుపు తాళం వేసి ఇంటికి నడిచాడు. కాళ్ళు వాటంతటవే గబగబా పోయాయి.

భార్య విక్టోరియా పొయ్యి దగ్గర చేపలు తోముతోంది.

"గోడౌన్‌లో ఆ సంచి ఎప్పుడు పెట్టావు?"

"ఏ సంచండీ? పరిగె మినుములా? ఏప్రిల్లో, ఈస్టరుకి ముందు మట్టలాదివారం మర్నాడు. వానలొస్తే ఇల్లు కురుస్తుంది, గోడౌన్‌లో పెడతానంటే మీరు ఊఁ అన్నారుగా."

"నేనన్నానా?"

"అన్నం తింటూ అన్నారు."

నిత్యానందం అన్నం తినేటప్పుడు దేనికైనా ఊఁ అంటాడు. ఇంటికి నిప్పంటుకుందన్నా ఊఁ అని మజ్జిగ అడుగుతాడు.

"ఎవరి చేలో ఏరావు?"

"దుర్గమ్మ చేలో. కోతవాళ్ళు పోయాక 'ఏరుకో వదినా, మిగిలింది నీదే' అంది. పదిహేను కేజీలయింది. చర్చిలో కోతపండక్కి దేవుడికి కానుకిద్దామని..." విక్టోరియా చేతిలో చేప ఆగిపోయింది. "ఏమైందండీ?"

నిత్యానందం మొహం ఒక్కసారి వెలిగింది. "దుర్గమ్మ చేలోదా? అయితే పుచ్చు ఆవిడదేగా! ఆవిడ చేలోంచే వచ్చిందిగా!"

"పరిగె గింజ చివరిదాకా చేలో పడి ఉంటుంది. దానికి గుడ్డెక్కువ. ఆవిడ తన గింజ రెండెండలు పోసింది. ఎండ చూపించకుండా మూతి కట్టింది నేను. ఇంతకీ సంఘంలో మీరేం చెప్పారు?"

అతను దండెం మీది తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏవండీ."

"దుర్గమ్మ మూటల్లోనే పుట్టిందన్నాను."

విక్టోరియా చేతులు కడుక్కుంది. పొలుసు అంటుకున్న వేళ్ళు ఒక్కొక్కటే తోముకుంది. "వెళ్ళి చెప్పండి."

"చెబితే గోడౌన్ తాళం పోతుంది."

"పోనివ్వండి. తాళం లేకముందు కూడా అన్నం తిన్నాం."

"తాళం ఒక్కటే అయితే సరే. ఆరేళ్ళనుంచి నా మాటమీద ఎంతమంది బస్తాలు అరుగెక్కాయో తెలుసా? ఇదొక్కటి తప్పంటే వాళ్ళందరూ వచ్చి అడుగుతారు. 'మావి కూడా ఇలాగే తేల్చావా?' అంటారు. ఏం చెప్పను?"

"దుర్గమ్మకి రేపు లారీలో చోటుండదు. నాకు తెలిసింది అంతే" అని మళ్ళీ చేపలముందు కూర్చుంది.

ఊరంతా అన్నాలకి పోయిన వేళ చూసి నిత్యానందం ఆ సంచిని గోతాంలో చుట్టి సైకిలు వెనక కట్టుకున్నాడు. సంఘానికి ఊరి చివర ఒక చేపల చెరువుంది. మేత వేసేది కూడా అతనే. కాబట్టి గట్టుమీద మూటతో కనిపిస్తే అడిగేవాడు లేడు. ఒక్క కోదండరామయ్య తప్ప. ఆయన స్కూటరు సరిగ్గా గట్టు మొదట్లో ఎదురైంది.

"ఏంటయ్యా, ఈ వేళప్పుడు?"

"తవుడండీ" అన్నాడు నిత్యానందం.

"వెయ్యి, వెయ్యి. చేపలు ఎలా ఎదిగాయో చూసి పోతాను."

స్కూటరు ఆపుకుని నిలబడ్డాడు. నిత్యానందం ఇరవై గజాలు ముందుకి నడిచి, ఆయనకి వీపు పెట్టి, సంచి విదిలించాడు. గాలికి పిండి మబ్బులా లేచింది. మెడమీద పురుగులు పాకుతున్నాయి. దులుపుకోలేదు. తేలిన పొట్టుకోసం బొచ్చె చేపలూ శీలావతులూ మూతులు తెరుచుకుని ఎగబడ్డాయి. నీళ్ళు తెల్లగా గిలకరించాయి.

"అబ్బో! తవుడంటే ప్రాణమే వీటికి!" అని వెనకనుంచి నవ్వాడు కోదండరామయ్య.

అయిదు నిమిషాల్లో నీటిమీద ఒక్క పొట్టు లేదు. ఖాళీసంచిలో ఇటుకరాయి పెట్టి నీళ్ళలోకి వదిలాడు. బుడగలు రావడం మానేదాకా నిలబడ్డాడు.

*

శుక్రవారం మబ్బు విడిపోయి ఎండ కాసింది. పదింటికి లారీ వచ్చింది. తాతారావు చొక్కాకి పొడి అంటకుండా తువాలు మెడకి చుట్టుకుని, అయిదారు బస్తాల్లో గొట్టం పొడిచి, కాగితం మీద గింజలు లెక్కపెట్టాడు. నూటికి రెండు. తల ఊపాడు. రైతులు గట్టిగా ఊపిరి వదిలారు. రెండురోజులు జల్లెడలాడించిన చేతులు అందరివీ బొబ్బలెక్కాయి.

దుర్గాభవాని అరుగు కింద నిలబడి ఉంది. పక్కన విక్టోరియా.

దుర్గమ్మకి లారీలో చోటుండదన్న విక్టోరియా మాట నిత్యానందాన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అబ్బులు మొదటి బస్తా వీపు మీదికి తీసుకుంటుంటే లారీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆగరా. ప్రెసిడెంటుగారండీ, దుర్గమ్మ బస్తాలు కూడా ఎక్కించాలండీ. ఎక్కవంటే వాటి నష్టం అందరం మొయ్యాలండీ. పుచ్చు అక్కడ పుట్టలేదు. మా ఇంటి సంచిలో పుట్టింది. పరిగె మినుములు, ఎండబెట్టనివి. గోడసందులో ఉన్నాయి. నేను చూసుకోలేదు. తప్పు గోడౌన్‌ది. అంటే నాది."

చెప్పేసి తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాడు.

"సంచేదీ?" అన్నాడు కోదండరామయ్య.

"చెరువులో పోశానండీ. నిన్న గట్టుమీద మీరు చూసింది అదేనండీ."

కోదండరామయ్య ముందు తెల్లబోయాడు. తరవాత పకపకా నవ్వాడు. "నాకే చెబుతున్నావా? అది తవుడయ్యా! నా కళ్ళతో నేను చూశాను. చేపలు ఎగబడ్డాయి కూడాను."

"తవుడని అబద్ధం చెప్పానండీ."

"నిన్న కాదు, ఇవాళ చెబుతున్నావు అబద్ధం." ఆయన లేచి వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది. "ఆడకూతురు కష్టం చూడలేక నెత్తినేసుకుంటున్నావు. నీ మనసు నాకు తెలియదా? ఆరేళ్ళలో నీ మాట ఒక్కసారి తప్పిందా?"

"నిజమేనండీ, ఆ సంచి పెట్టింది నేనేనండీ" అంది విక్టోరియా ముందుకొచ్చి.

"నువ్వు మీ ఆయన మాట కాదంటావా తల్లీ?" అన్నాడో రైతు. "ఇద్దరికిద్దరూ దేవుడి మనుషులు" అన్నాడు ఇంకొకడు. నమ్మితే చెడిన తొమ్మిది బస్తాల నష్టంలో తలా ఒక ముక్క మొయ్యాలి. నమ్మకపోతే ఒక మంచివాణ్ణి మెచ్చుకుంటే సరిపోతుంది. పద్దెనిమిదిమందీ మెచ్చుకున్నారు. తాతారావు కూడా తువాలు సర్దుకుంటూ, ఇలాంటి మనిషి ఉన్నచోట సరుకు కళ్ళుమూసుకుని కొనొచ్చన్నాడు.

నిత్యానందం నడుముకున్న తాళంచెవి తీసి కుర్చీలో పెట్టాడు. కోదండరామయ్య దాన్ని తీసి మళ్ళీ అతని చొక్కా జేబులో వేసి, పైనుంచి రెండుసార్లు తట్టాడు. "చాల్లే. ఎక్కించండ్రా!"

లారీ పన్నెండింటికి వెళ్ళింది. జనం కూడా వెళ్ళిపోయారు. అరుగుమీద తొమ్మిది బస్తాలు మిగిలాయి.

దుర్గాభవాని వాకిట్లో బరకం పరిచింది. విక్టోరియా రెండో కొస పట్టుకుని లాగింది. ఇద్దరూ ఒక బస్తా దొర్లించి, కుట్టు విప్పి, మినుములు బరకం మీద పోశారు. పురుగులు ఎండ తగిలి నలువైపులా పరుగెత్తాయి. దుర్గాభవాని చేత్తో పలచగా నెరుపుతూ, తలెత్తకుండా అడిగింది.

"నేను నమ్ముతున్నానండీ. ఆ సంచి ఎప్పుడు దొరికింది మీకు?"

"నిన్న పొద్దున, దుర్గమ్మా."

"పొద్దున ఎన్నింటికి?"

"తొమ్మిది... తొమ్మిదిన్నర."

ఆవిడ చెయ్యి గింజల మీద ఒక చివరనుంచి ఇంకో చివరికి నింపాదిగా నడిచింది. "అప్పటికి సంచి ఉంది. పురుగులు ఉన్నాయి. నన్ను పిలిచి చూపిస్తే ఊరంతా చూసేది."

నిత్యానందం నోరు తెరిచాడు. తాళం గురించి, ఆరేళ్ళ మాట గురించి చెబుదామనుకున్నాడు. జేబులో తాళంచెవి బరువుగా తగిలింది.

మినుములు నెరపడానికి చెయ్యి కలుపుదామని బరకం అంచుకొచ్చి వంగాడు.

"పక్కకి జరగండి నిత్యానందంగారూ" అంది దుర్గాభవాని, కోపం లేని గొంతుతో. "గింజల మీద మీ నీడ పడుతోంది."

అతను జరిగాడు.